తబీబ్ నోటి మాట: దారుష్షిఫా నుంచి చేవెళ్ళ దాకా



2025 నవంబర్ 3, సోమవారం పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. కనీసం 19 మంది చనిపోయారు. ఆ దారిలో మనలో చాలామందికి చుట్టాలున్నారు. గాయపడినవాళ్ళను, మయ్యత్‌లను చేవెళ్ళ సర్కారీ దవాఖానాకు తెచ్చారు. తాండూరు, వికారాబాద్ వైపు నుంచి అమ్మీలు, అబ్బాలు, అన్నదమ్ములు పరిగెత్తుకొచ్చారు.

రోడ్డు వెడల్పు గురించి, మర్రిచెట్ల గురించి, టిప్పర్ల గురించి అప్పుడు చాలా మాట్లాడారు. మాట్లాడాల్సిందే. కానీ నాకు ఇంకో సవాల్ మిగిలిపోయింది. అలాంటి రోజున ఒక చిన్న దవాఖానాలో ఎవరో ఒక డాక్టర్ బయటికొచ్చి "మీ మనిషి ఇక లేరు" అని చెప్పాలి. ఒక ఇంటికి చెప్పి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి ఇంకో ఇంటికి చెప్పాలి. మధ్యలో గాయాలు కుట్టాలి. ఆ మాట ఎలా చెప్పాలో ఆ డాక్టర్‌కు ఎవరు నేర్పారు? చెప్పి చెప్పి దిల్ బుఝిపోతే, ఆ డాక్టర్‌ను పట్టించుకునేది ఎవరు?

ఈ సవాల్ కొత్తదేం కాదు. మన హైదరాబాద్ తారీఖ్‌లో దీని వెనకాల లంబీ కహానీ ఉంది.

హకీం అనే లఫ్జ్

మన పెద్దలు డాక్టర్‌ను రెండు పేర్లతో పిలిచేవాళ్ళు: తబీబ్, హకీం. హకీం అంటే వైద్యుడు, హకీం అంటే హిక్మత్ ఉన్నవాడు కూడా. రెండు మానాలూ ఒకే లఫ్జ్‌లో ఉండటం ఊరికే జరగలేదు. దవా ఇచ్చే చేయికీ సలహా ఇచ్చే నోటికీ ఒకే ఇజ్జత్ ఉండేది.

9వ శతాబ్దంలో రుహా పట్టణానికి చెందిన (ఇప్పటి తుర్కియేలోని ఉర్ఫా) ఇస్‌హాఖ్ ఇబ్న్ అలీ అల్-రుహావీ "అదబ్ అల్-తబీబ్" అనే కితాబ్ రాశాడు. తబీబ్ మరీజ్‌ను ఏమేం అడగాలి, తీమార్‌దార్లతో ఎలా ఉండాలి, చూడటానికొచ్చే జనం ఎలా నడుచుకోవాలి అనేవి అందులో ఉన్నాయి. తబీబ్ ముందు తన ఒంటినీ తన అలవాట్లనూ ఎలా సంభాళించుకోవాలో కూడా ఉంది. అంటే వైద్యుడి సెహత్, మరీజ్ సెహత్ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని వెయ్యేళ్ళ కిందటే రాసిపెట్టారు.

మన దగ్గర ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దారుష్షిఫా కట్టించాడు. చార్మినార్ కట్టిన నాలుగేళ్ళకే. అక్కడ యునానీ ఇలాజ్ జరిగేది, యునానీ తాలీమ్ కూడా జరిగేది. షాగిర్ద్ ఉస్తాద్ పక్కన కూర్చుని నబ్జ్ పట్టడం నేర్చుకుంటాడు, ఉస్తాద్ మరీజ్‌తో ఎలా మాట్లాడుతున్నాడో వింటాడు. మాట్లాడటానికి వేరే క్లాస్ అక్కర్లేదు. ఈ పద్ధతిలో ఖూబీ అదే. ఖామీ కూడా అదే: ఉస్తాద్ కటువైతే షాగిర్ద్ కూడా కటువే.

మందు వద్దన్న నిజాం

హైదరాబాద్ వైద్య తారీఖ్‌లో తరచూ చెప్పుకునే ఖిస్సా ఒకటుంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలాకు షుగర్ జబ్బు చేసింది. రెసిడెంట్ జనరల్ ఫ్రేజర్ అంగ్రేజీ డాక్టర్‌కు చూపించుకోమన్నాడు. నిజాం ఒప్పుకున్నాడు, కానీ ఒక షర్త్ పెట్టాడు: నాకు మందు మాత్రం ఇవ్వకూడదు.

ఈ కాలం డాక్టర్ అయితే ఏమనేవాడో మీరే ఊహించండి. "మందు వద్దంటే ఇక్కడికెందుకొచ్చారు?" అని ఉండేవాడేమో. డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ ఆ షర్త్‌ను మానాడు. తిండిలో పరహేజ్ పెట్టి, దానితోనే నయం చేశాడు. నిజాంకు భరోసా కుదిరింది. ఇలాంటి డాక్టర్లు మా రియాసత్‌లోనూ తయారవ్వాలన్నాడు. అలా 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ పుట్టింది. ఈనాటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే.

ఈ ఖిస్సాను మనం ఎక్కువగా అంగ్రేజీ వైద్యం గెలుపుగా చదువుతాం. నాకు వేరేలా కనిపిస్తుంది. మరీజ్‌కు ఖౌఫ్ ఉంది. డాక్టర్ ఆ ఖౌఫ్‌ను ఎగతాళి చేయలేదు, దాని చుట్టూ ఇలాజ్ అల్లాడు. ముందు వినడం జరిగింది, తర్వాత వైద్యం, ఆ తర్వాత కాలేజీ.

ఆ స్కూల్లో చదువు ఉర్దూలో మొదలైంది. తర్వాత 1885లో ఎడ్వర్డ్ లారీ అధికారంలోకి వచ్చాక అంగ్రేజీకి మారింది. లారీ పేరు క్లోరోఫాం కమిషన్ల వల్ల (1888, 1889) దునియా అంతా తెలిసింది. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న ఆయన నమ్మకం తర్వాత తప్పని తేలింది గానీ, ఆయన జమానాలో జరిగిన ఒక పని మాత్రం నిలిచిపోయింది. 1885లో 5గురు ఆడపిల్లలకు వైద్యం చదివే అవకాశం దొరికింది. వాళ్ళలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. 1889లో ఆమెకు దొరికిన డిగ్రీ పేరు ఏమిటో తెలుసా? హకీం. ప్రపంచంలో మత్తు వైద్యాన్నే పనిగా చేసుకున్న మొదటి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు.

పర్దా పాటించే ఘర్‌లలో ఔరత్‌లు మగ డాక్టర్‌కు తమ తక్లీఫ్ ఎంతవరకు చెప్పగలరు? తెర వెనక నుంచి, అది కూడా భర్త నోటితోనో కొడుకు నోటితోనో. జనానా దవాఖానాలు, మహిళా డాక్టర్లు వచ్చాక వాళ్ళు తమ నోటితో తాము చెప్పుకోగలిగారు. మరీజ్ మాట డాక్టర్ చెవికి చేరాలంటే డాక్టర్ మంచి మనిషైతే చాలదు. దానికి ఇంతెజాం కావాలి. ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి ఏర్పాటు చేయాలి.

ఒకే వరద, రెండు నిర్మాణాలు

మొయినాబాద్ వాళ్ళకు ఉస్మాన్ సాగర్ (గండిపేట), హిమాయత్ సాగర్ ఇంటి ముందు చెరువుల్లాంటివి. ఉస్మానియా దవాఖానాకూ ఆ చెరువులకూ ఒక రిష్తా ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్‌లోని దవాఖానా ధ్వంసమైంది. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మళ్ళీ అలాంటి వరద రాకూడదని విశ్వేశ్వరయ్య సలహాతో పైన ఆనకట్టలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. కింద నది ఒడ్డున 1925 నాటికి కొత్త ఉస్మానియా దవాఖానా లేచింది.

పెద్ద దవాఖానా పెద్ద నేమత్. గ్రామాల నుంచి ఎవరైనా రావచ్చు, ఇలాజ్ ముఫ్త్. కానీ దాంతో ఒక విషయం మారిపోయింది. మొహల్లా హకీంకు మీ దాదా పేరు తెలుసు, మీ ఇంటి వంట తెలుసు, మీ అమ్మీకి కోపమొస్తే ఏమవుతుందో తెలుసు. పెద్ద దవాఖానాలో డాక్టర్‌కు చిట్టీ తెలుసు, వార్డు తెలుసు, పలంగు నంబరు తెలుసు. జనం వేలల్లో వస్తుంటే ఇంకెలా ఉంటుంది?

ఆ రోజుల్లోనే జబాన్ మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో చదువు చెప్పింది. దారుత్తర్జుమా కితాబ్‌లను ఉర్దూలోకి దించింది. 1920ల నుంచి డాక్టరీ కూడా ఉర్దూలోనే. 1948 తర్వాత మళ్ళీ అంగ్రేజీ వచ్చింది. మనం దీన్ని ఫఖ్ర్‌తో చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. చేవెళ్ళ వైపు నుంచి బండి కట్టుకొచ్చిన తెలుగు రైతుకు ఉర్దూ డాక్టర్ మాట ఎంత అర్థమైందో, ఈనాడు అంగ్రేజీ డాక్టర్ మాట మన ఖాలాకు అంతే అర్థమవుతుంది. చదువు జబాన్ ఏదైనా, మరీజ్ జబాన్‌లోకి దాన్ని దించేవాళ్ళు కావాలి.

ఈ విషయంలో మనకు ఒక హునర్ ఉంది. ఇంట్లో ఉర్దూ, బజార్‌లో తెలుగు, బడిలో అంగ్రేజీ. మన పిల్లలు మూడు జబాన్‌ల మధ్య పుట్టుకతోనే తర్జుమాన్‌లు. "రిపోర్ట్ పాజిటివ్ వచ్చింది" అంటే డాక్టర్‌కు జబ్బు ఉన్నట్టు. విన్న నానీకి మాత్రం ఖుష్‌ఖబర్. "సీరియస్" అంటే డాక్టర్‌కు ఒక స్థితి, ఇంట్లోవాళ్ళకు ఖబరస్తాన్ దారి. ఒక్క లఫ్జ్ ఎంత దూరం తీసుకెళ్తుందో మనందరికీ తెలుసు.

దిల్ బుఝిపోయినప్పుడు

ఇప్పుడు అసలు బాధకు వద్దాం. డాక్టర్లు కటువుగా ఎందుకు మాట్లాడతారు? "గురూర్, పైసా" అని మనం వెంటనే జవాబిస్తాం. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. కానీ తహఖీఖాత్ ఇంకో దారి చూపిస్తున్నాయి.

1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనోవైజ్ఞానికుడు ముఫ్త్ దవాఖానాలో పనిచేసేవాళ్ళను గమనించి, వాళ్ళ హాలత్‌కు "బర్నౌట్" అని పేరు పెట్టాడు. 1981లో క్రిస్టీనా మాస్లాక్ దాన్ని కొలిచే పద్ధతి ఇచ్చింది. దాని నిషానీలు మూడు: లోపలి తాఖత్ అయిపోవడం, ఎదుటివాళ్ళు మనుషుల్లా కాక వస్తువుల్లా కనిపించడం, నా పనికి విలువే లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను పనికి సంబంధించిన సమస్యగా తన జాబితాలో వివరించింది.

రెండో నిషానీ మీద ఆగండి. "12వ నంబర్ పలంగు కిడ్నీ" అని డాక్టర్ అన్నప్పుడు మనకు గుస్సా వస్తుంది. ఆ డాక్టర్‌లో ఏదో ఆరిపోతోందనడానికి అది ఖబర్. థకాన్ మొదట తినేసేది మాటనే. చేతులు అలవాటుగా కుట్లు వేస్తూనే ఉంటాయి. నోరు మాత్రం ముడుచుకుంటుంది.

వక్త్ సంగతి చూడండి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 74 సంప్రదింపులు విని లెక్కగట్టారు. మరీజ్ తక్లీఫ్ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డాడు. 2002లో స్విట్జర్లాండ్‌లో 335 మంది మరీజులను అడ్డుకోకుండా వదిలేసి చూశారు. సగటున 92 సెకన్లలో వాళ్ళే ఆపేశారు. పదిలో దాదాపు ఎనిమిది మంది 2 నిమిషాల్లోపే ముగించారు. అంటే పూర్తిగా వినడానికి మనం భయపడేంత వక్త్ పట్టదు. కానీ మన దేశంలో సంగతి వేరు. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం ఇక్కడ ప్రాథమిక వైద్యంలో మరీజ్‌కు దొరికే మొత్తం వక్తే దాదాపు 2 నిమిషాలు. స్వీడన్‌లో 22 నిమిషాలు దాటుతుంది. వినడానికే 2 నిమిషాలైపోతే చూసేదెప్పుడు, రాసేదెప్పుడు, సమఝాయించేదెప్పుడు?

డ్యూటీ లెక్క ఇంకా దారుణం. రెసిడెంట్ డాక్టర్లకు ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం రాసిపెట్టింది. ఆ కాగితం అలాగే ఉంది, 24 గంటలు, 36 గంటల డ్యూటీలూ అలాగే ఉన్నాయి. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ మళ్ళీ వారానికి 74 గంటలు దాటొద్దని, వారానికి ఒక ఛుట్టీ ఇవ్వాలని సిఫారసు చేసింది. దాని సర్వేలో జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం, పీజీ విద్యార్థుల్లో 15.3 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందన్నారు. వీళ్ళు ఎవరో కాదు. మన మొహల్లాలో నీట్ ర్యాంకు వచ్చిన రోజు మిఠాయి పంచిన పిల్లలే.

గాంధీలో ఒక రాత్రి

2020 జూన్ 9 రాత్రి హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఒక కోవిడ్ మరీజ్ ఇంతెఖాల్ అయ్యాడు. బంధువులు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ మీద దాడి చేశారు. జూనియర్ డాక్టర్లు పని ఆపి బయటికొచ్చి నిరసనకు దిగారు.

ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. డాక్టర్ ముఖం మాస్కు వెనక, ఒళ్ళంతా పీపీఈ సూట్‌లో. ఇంటివాళ్ళకు లోపలికి రావడానికి ఇజాజత్ లేదు. మయ్యత్‌ను కడసారి సరిగా చూసే వీలు లేదు. మాట చేరే దారులన్నీ ఒక్కసారిగా మూసుకుపోయాయి. చెయ్యెత్తడం జుల్మ్, అందులో ఏ షక్ లేదు. మన దగ్గర 2008 నుంచే చట్టం ఉంది. వైద్య సిబ్బంది మీద దాడికి 3 ఏళ్ళ వరకు ఖైదు, 50 వేల వరకు జుర్మానా. కానీ చట్టం చెయ్యెత్తిన తర్వాత వస్తుంది. చెయ్యెత్తక ముందు రావాల్సింది మాట.

దెబ్బ తిన్న డాక్టర్ రేపు ఇంకా తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడితే జనంలో షక్ పెరుగుతుంది. షక్ పెరిగితే మళ్ళీ గొడవ. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి.

నేర్చుకునే విద్య

మంచి విషయమేమిటంటే మాట్లాడటం నేర్చుకోదగిన విద్య. 2000లో అమెరికా, కెనడా డాక్టర్లు కలిసి చెడు ఖబర్ చెప్పే ఆరు మెట్ల పద్ధతి ఒకటి రాశారు. ఏకాంతంగా కూర్చోబెట్టు. వాళ్ళకు ఇప్పటికే ఏం తెలుసో అడుగు. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడుగు. సాదా మాటల్లో చెప్పు. ఏడిస్తే ఏడవనివ్వు, తొందరపెట్టకు. చివర్లో ఇప్పుడేం చేద్దామో చెప్పు. మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నైతికత, సంభాషణ మీద పాఠాలు పెట్టారు.

చేవెళ్ళ, మొయినాబాద్ ఇప్పుడు మెడికల్ కాలేజీలున్న ప్రాంతం. మొయినాబాద్ మండలంలోనూ ఉంది, చేవెళ్ళలోనూ ఉంది. అంటే అదే రోడ్డు మీద గాయపడినవాళ్ళూ వస్తారు, డాక్టర్లు కాబోయే పిల్లలూ చదువుతారు. క్లాసులో సంభాషణ పాఠం చెప్పి, వార్డులో 30 గంటలు నిలబెడితే ఆ పాఠం నిలవదు. ఉస్తాద్ ఎలా మాట్లాడితే షాగిర్ద్ అలాగే మాట్లాడతాడన్న దారుష్షిఫా సూత్రం ఇప్పటికీ మారలేదు.

దవాఖానాలు చేయగలిగిన పనులు పెద్ద ఖర్చువి కావు. ఎమర్జెన్సీ పక్కన నాలుగు కుర్చీల గది ఒకటి. పెద్ద ప్రమాదం జరిగిన రోజు ఇంటివాళ్ళతో మాట్లాడటానికే విడిగా ఒక మనిషి. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చినవాళ్ళు ఒకరు. ఒక మౌత్ ఖబర్ చెప్పొచ్చిన డాక్టర్‌కు తర్వాతి మరీజ్ ముందు ఒక గ్లాసు నీళ్ళు, పది నిమిషాలు. రోస్టర్‌లో కాగితం మీదున్న గంటలే నిజంగా ఉండటం.

మనం చేయాల్సిందీ ఉంది. అయాదత్ సవాబే, కానీ 20 మంది ఒక్కసారి వార్డులోకి దూరితే సవాబ్ ఎవరికి? ఇంటి తరఫున మాట్లాడే మనిషిని ఒకరినే పెట్టుకోండి, కాస్త ఓపిక ఉన్న చాచానో, చదువుకున్న చెల్లినో. వెళ్ళే ముందు మూడు సవాల్‌లు కాగితం మీద రాసుకోండి: ఏమైంది, ఇప్పుడేం చేస్తున్నారు, ఏం జరిగితే వెంటనే రావాలి. అర్థం కాకపోతే తల ఊపకండి. "డాక్టర్ సాబ్, మళ్ళీ ఒకసారి సాదాగా చెప్పండి" అనడంలో షరం లేదు. డాక్టర్ చెప్పింది మీ మాటల్లో తిరిగి ఆయనకే చెప్పి చూడండి, తప్పుంటే అక్కడే దిద్దుతారు. కటువుగా మాట్లాడితే గుస్సాను వార్డులో కాక, రాతపూర్వకంగా సూపరింటెండెంట్ దగ్గర పెట్టండి.

ఇంట్లో డాక్టర్ చదివే బిడ్డ ఉంటే మార్కులు అడిగినట్టే నిద్ర గురించి కూడా అడగండి. ఫోన్‌లో గొంతు మారితే గమనించండి. "పెద్ద చదువు, సబర్ చెయ్యి" అని వదిలేయకండి.

ఒకప్పుడు ఒక పాదుషా మందు వద్దన్నాడు, ఒక డాక్టర్ విన్నాడు. ఆ వినడం పాదుషాకు దొరికింది. తాండూరు బస్సులో హైదరాబాద్ వచ్చే కూలీకి, ఆమె ఇంటివాళ్ళకు కూడా అదే దొరకాలి. అందుకు డాక్టర్‌కు నిద్ర, వక్త్, హిఫాజత్ దొరకాలి. ఈ రెండు హక్కులనూ విడదీసి ఒకదాన్నే అడిగితే రెండూ దక్కవు.